చెయ్యి ఎరిగిన అందం

పలాసలో జీడిపప్పు ధరను నాలుక నిర్ణయించదు, కన్ను నిర్ణయిస్తుంది. పొట్టు వలిచిన పప్పు బల్ల మీదకు చేరాక దాన్ని గుండు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. గుండులోనూ మళ్ళీ తరగతులుంటాయి. వ్యాపారులు వాడే డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే గుర్తుల్లో అక్షరం తెల్లదనాన్ని చెబుతుంది. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, మహా అయితే ఎన్ని గుండ్లు తూగుతాయో అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. కాల్చడంలో కాస్త వేడి ఎక్కువై గింజ గోధుమరంగుకు తిరిగితే అది కింది తరగతికి దిగిపోతుంది. విడిపోని గుండుకూ రెండుగా విడిన బద్దకూ రుచిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పాయసంలో పడి ఉడికాక కళ్ళు మూసుకుని తింటే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

అయినా గుండుకు ఎక్కువ డబ్బు ఇవ్వడానికి జనం సిద్ధంగా ఉంటారు, అదీ ఆలోచించే ఇస్తారు. పెళ్ళి లడ్డూ మీద అద్దడానికి, చుట్టం ముందు పెట్టే పళ్ళెంలోకి గుండు కొంటారు. మసాలాలో రుబ్బి కలపడానికి అదే ఇంటివాళ్ళు ముక్క కొంటారు. ఒకే సంచిలో రెండు పొట్లాలు. కన్ను ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో తెలిసి వేసిన లెక్క అది. రోజువారీ వస్తువుల అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంచిని గుర్తుంచుకోవాలి. సామాన్యులకు ధరే ముఖ్యం, అందం తరవాతి సంగతి అని చాలామంది తేల్చేస్తారు. ఈ రెండు పొట్లాలు ఆ మాటను ఒప్పుకోవు.

కొనేవాళ్ళ కన్నుకు ముందే మరొక కన్ను పని చేసి ఉంటుంది. పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో పప్పు వలిచి తరగతులుగా ఏరే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. పొట్టు ఊడిరావాలి, గింజ విరగకూడదు. కత్తి మొన గీరుకుపోతే తరగతి పడిపోతుంది. ఏరే చెయ్యి ఒక్కో గింజ దగ్గర ఆగదు. రంగులో వీసమెత్తు తేడానూ అంచున ఊడిన పెచ్చునూ సందులో మిగిలిన పొట్టునూ రెప్పపాటులో పట్టుకుని పక్కకు తోస్తుంది. సున్నితమైన చూపు తీరిక ఉన్నవాళ్ళ సొత్తు అనుకోవడం ఎంత పొరపాటో ఆ బల్ల ముందు తెలుస్తుంది. అక్కడ ఆ చూపుకు కూలి కడతారు. దాని అసలు విలువకు తగినంత కడతారా అన్నది వేరే ప్రశ్న, అడగవలసిన ప్రశ్నే.

అయితే జీడిపప్పు వ్యవహారం పూర్తిగా కంటిది. ఇంట్లో రోజూ వాడే వస్తువుల్లో అలాంటివి తక్కువ. మిగతావాటి దగ్గర కన్ను ఆలస్యంగా వస్తుంది. చెయ్యి, చెవి, ముక్కు ముందు వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వారపు సంతలు ఇంకా సాగుతున్నాయి. ఎండలు ముదిరే రోజుల్లో సంతలో కుండ బేరం చేసే మనిషిని కాసేపు గమనిస్తే చాలు. ముందు కుండను రెండు చేతులా ఎత్తి బరువు చూసుకుంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి, ఎక్కడైనా చుక్కలా వెలుగు కనబడుతుందేమోనని లోపలికి తొంగి చూస్తుంది. తరవాత వేలి కణుపుతో కొడుతుంది. మూతి దగ్గర ఒకసారి, పొట్ట మీద ఒకసారి, అడుగున ఒకసారి. ఖంగుమంటే కుండ బాగా కాలింది. చప్పుడు మొద్దుగా వస్తే ఎక్కడో నెర్రె ఉన్నట్టు. నెర్రె దగ్గర రెండు అంచులూ ఒకదాన్నొకటి రాసుకుని మోతను మింగేస్తాయి. ఆ శాస్త్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ శబ్దం మాత్రం చిన్నప్పటినుంచీ తెలుసు.

అదే పరిమాణం, అదే ధర ఉన్న కుండలు నాలుగుంటాయి. నాలుగూ చక్కగా మోగుతాయి. వాటిలో ఒకదాన్నే తీసి చంకకు ఎత్తుకుంటుంది. అదే ఎందుకని అడిగితే ‘మూతి తీరుగా ఉంది’ అంటుంది. పరీక్ష ఇక్కడ ముగిసింది, అభిరుచి ఇక్కడ మొదలైంది అని గీత గీయడం తేలికే గానీ, ఆమె మాటలో ఆ గీత లేదు. మూతి తీరుగా ఉన్న కుండ మీద మూత కదలకుండా కూర్చుంటుంది. ముంచే చెంబు అంచుకు తగలదు. వంచితే నీళ్ళు పక్కలంట కారిపోవు. రేపు చేతికి కలగబోయే సుఖమే ఇవాళ కంటికి తీరుగా కనబడుతోంది.

పట్నాల్లో ఈ మధ్య నిగనిగలాడే రంగు పూసి, పువ్వులు దిద్దిన నీళ్ళ కుండలు కనబడుతున్నాయి. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ కుండలో నీళ్ళు చల్లబడేది మట్టి సందుల్లోంచి చెమ్మ బయటికి ఊరి, గాలికి ఆవిరై, ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం వల్ల. దట్టంగా రంగు పూస్తే ఆ సందులు మూసుకుపోతాయి. కంటికి అందాన్ని పెంచే ప్రయత్నంలో నాలుక ఎరిగిన అందం పోయింది. చెమ్మ ఊరి ముదురుగా మారిన ఎర్రమట్టి పొట్ట, దాని మీద చెయ్యి ఆనిస్తే తగిలే చల్లదనం, మొదటి గుక్కలో వచ్చే మట్టి వాసన, ఇవన్నీ ఆ కుండ సొగసులో భాగాలే.

తెలుగులో ఈ అనుభవాన్ని చెప్పడానికి మాటలకు కొదవ లేదు. కాకపోతే అందం అనే మాట వాటిలో ముందు వరసలో ఉండదు. గరిటెను ఎవరూ అందంగా ఉందనరు, వాటంగా ఉందంటారు. వాటం అనేది వస్తువులో ఉండే గుణం కాదు, వస్తువుకూ ఒంటికీ మధ్య కుదిరేది. అందుకే ఎడమచేతి వాటం అంటాం. కుడిచేతికి లొంగిన కొడవలి ఎడమచేతికి మొండికేస్తుంది. పొందిక అనే మాట వస్తువుకూ వస్తువుకూ మధ్య ఉండే సంబంధాన్ని చెబుతుంది. అల్మరాలో గిన్నెలు పొందికగా సర్ది ఉన్నాయంటే, వాటిలో ఏ ఒక్క గిన్నె అందమైనది కాకపోయినా ఆ మాట చెల్లుతుంది. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని వాదిస్తూ, నడుముకు పెట్టుకోవలసిన వడ్డాణం మెడకు తగిలించుకుంటే నవ్వులపాలవుతారని ఉదాహరణ ఇచ్చాడు. గుండు ఒక పొట్లం, ముక్క ఒక పొట్లం కట్టించుకున్న ఇల్లాలిది సరిగ్గా అదే సూత్రం.

అన్నిటికన్నా లోతైన మాట కళ. దీపం పెట్టగానే ఇంటికి కళ వచ్చిందంటాం. పిల్లలు వెళ్ళిపోతే కళ తప్పిందంటాం. అదే గోడలు, అదే సామాను. ఏదీ మారలేదు, అయినా ఏదో పోయింది. శిల్పానికీ సంగీతానికీ వాడే కళ, చంద్రుడికి పదహారు చెప్పే కళ, తోమిన చెంబుకు వచ్చే కళ, అన్నీ ఒకటే మాట. పెరుగుతుంది, తరుగుతుంది, ఎవరో ఒకరు చూసుకుంటూ ఉంటేనే నిలుస్తుంది. రోజువారీ వస్తువుల అందం గురించి ఇంతకంటే సరైన సిద్ధాంతం మరొకటి వెతకనక్కరలేదు అనిపిస్తుంది.

పాశ్చాత్య తత్త్వచింతన చాలాకాలం ఈ దారిన నడవలేదు. 1790లో ఇమ్మాన్యుయేల్ కాంట్ చేసిన వాదంలో, అందాన్ని ఆస్వాదించే మనసుకు ఆ వస్తువుతో స్వార్థం ఉండకూడదు. దాన్ని పొందాలనీ వాడుకోవాలనీ ఉన్న కోరిక పక్కకు తప్పుకుంటేనే స్వచ్ఛమైన సౌందర్యానుభూతి. ప్రయోజనంతో ముడిపడిన అందం కూడా ఒకటుందని ఆయన ఒప్పుకున్నాడు గానీ, దాన్ని రెండో వరసలో కూర్చోబెట్టాడు. చిత్రపటం ముందు, శిల్పం ముందు ఈ మాట బాగానే నిలుస్తుంది. కుండ ముందు నిలవడం కష్టం. 1925లో జపాన్‌లో యనగి సోయెత్సు, ఆయన మిత్రులు ‘మింగే’ (జనసామాన్యపు చేతికళ) అనే జపాను మాటను పుట్టించి, పేరు తెలియని పనివాళ్ళు మామూలు మనుషుల వాడకం కోసం చేసిన గిన్నెలు, గుడ్డలే నిజమైన అందానికి ఆలవాలమని అన్నారు. ఆ మాట సంతలోని కుండకు చాలా దగ్గరగా వస్తుంది.

అంతమాత్రాన ఉపయోగమే అందం అని తేల్చేస్తే మరొక పొరపాటు చేసినట్టే. ఉత్తరాంధ్ర తీరంలో ఒకప్పుడు ఊరూరా కనబడిన చుట్టిళ్ళను చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. గుండ్రటి మట్టిగోడ, దాని మీదుగా బాగా కిందికి దిగివచ్చే తాటాకు కప్పు. లోపలికి వెళ్ళాలంటే నడుము వంచాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి పడిన తీరం ఇది. మూలలు లేని గోడను గాలి చుట్టుకుని జారిపోతుంది; కిందికి దిగిన చూరు మట్టిగోడను జడివాన నుంచి కాపాడుతుంది. కంటికి అంత హాయిగా కనబడే ఆ ఆకారాన్ని తీర్చిదిద్దింది గాలివాన. ఇంతవరకూ ఉపయోగం కథ. కానీ ఎర్రమట్టితో అలికిన ఆ గోడ అడుగున, గుమ్మం చుట్టూ తెల్లటి సున్నపు పట్టె దిద్దేవాళ్ళు. ఆ పట్టె గాలిని ఆపదు, వానను ఆపదు. కుండ మెడ చుట్టూ కుమ్మరి లాగే గీత కూడా అంతే. అది లేకపోయినా నీళ్ళు నిలుస్తాయి. అయినా సారె తిరుగుతుండగా వేలు ఆనించి ఆ గీత లాగి గానీ కుండను దించడు. పనికి కావలసినదంతా పూర్తయ్యాక చేతిలో ఇంకా కాస్త మిగులుతుంది. ఆ మిగులును వస్తువు మీద వదిలివెళ్ళడం మనిషి అలవాటు.

వస్తువు ఇంటికి చేరాక ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరం. కొత్త గడియారం గోడకెక్కిన వారం రోజులూ వచ్చినవాళ్ళందరికీ కనబడుతుంది, ఇంట్లోవాళ్ళకూ కనబడుతుంది. నెల తిరిగేసరికి టైము కనబడుతుంది గానీ గడియారం కనబడదు. అలవాటు కంటిని నిద్రపుచ్చుతుంది. ఇష్టం కూడా అలాగే చచ్చిపోవాలి కదా, కానీ అలా జరగదు. ఒక వస్తువు పదేపదే ఎదురుపడటమే దాని మీద ఇష్టాన్ని పెంచుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపాడు. కాఫీ మగ్గులతో చేసిన మరొక ప్రసిద్ధ ప్రయోగాన్ని కానెమన్, నెట్ష్, థేలర్ 1990లో ప్రచురించారు. కొందరికి మగ్గులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. మగ్గు అందనివాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. చేతికి వచ్చి కొద్దిసేపే అయినా, అమ్మేవాళ్ళు అడిగిన ధర కొనేవాళ్ళు ఇస్తామన్న ధరకు రెట్టింపు, ఆ పైన. తనది అనుకున్న క్షణం నుంచే వస్తువు విలువ పెరిగిపోతుంది.

కొద్దిసేపటికే అంత తేడా వస్తే, నలభై ఏళ్ళు చేతిలో నలిగిన చెంబు సంగతి చెప్పాలా? వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చినప్పుడు ఆ తేడా కళ్ళకు కడుతుంది. పాత ఇత్తడి ఇస్తే కొత్త స్టీలు గిన్నెలిస్తామని కేక వేస్తారు. గంగాళం, బిందె, మరచెంబు అన్నీ ఒకే తక్కెట్లోకి వెళ్తాయి. తక్కెడకు తెలిసింది బరువు ఒక్కటే. మరచెంబు మూత తిప్పినప్పుడు ఏ చుట్టు దగ్గర కాస్త పట్టేస్తుందో, బిందె ఒంటి మీద ఏ సొట్ట ఏ ఏటిదో దానికి తెలియదు. ఎన్నో ఇళ్ళలో చివరి నిమిషంలో ఒక చెంబును వెనక్కి తీసుకోవడం జరిగేది. దాన్ని మమకారం అని వదిలేస్తారు గానీ, అది అనుభవంతో వచ్చిన తీర్పు కూడా. కన్ను చూడటం మానేసినా చెయ్యి ఆ చెంబును ఎరుగుతూనే ఉంది. చీకట్లో నీళ్ళకు లేచినప్పుడు చెయ్యి దాని మెడను వెతుక్కోకుండా పట్టుకునేది.

చెయ్యి ఎరిగిన అందానికి ఈ జిల్లాల్లో పొందూరు ఖాదీని మించిన ఉదాహరణ లేదు. చేపకూ నేతకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది గానీ, ఇక్కడి పని మొదలయ్యేదే వాలుగ చేప దవడతో. ఎండిన ఆ దవడ ఎముక మీద సన్నటి పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. కొండపత్తిని, గింజ ఇంకా ఉండగానే, గుప్పెడు గుప్పెడుగా తీసుకుని ఆ పళ్ళతో దువ్వుతారు. నలుసులు రాలిపోతాయి, పోగులు ఒక వైపుకు తిరుగుతాయి. తరవాత పీట మీద సన్నటి ఇనుప కడ్డీ దొర్లించి గింజ వేరు చేస్తారు. వింటితో ఏకి, మేఘంలా తేలికైన దూదిని ఏకులుగా చుట్టి, నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అప్పుడు రాట్నం. ఈ పనుల్లో చాలావాటికి యంత్రం అక్కరలేదు, వేళ్ళకు తెలివి ఉంటే చాలు. ఈ నూలు గురించి విన్న గాంధీజీ తన కుమారుడు దేవదాస్ గాంధీని పొందూరుకు పంపి వివరాలు తెప్పించుకున్నారు.

పొందూరు సన్నఖాదీకి నూరు కౌంటు నూలు ప్రసిద్ధి. నూరు కౌంటు అంటే ఒక్క పౌను నూలు విప్పితే 84,000 గజాలు రావాలి. దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి పరుచుకుంటూ పోతే విజయనగరం దాటిపోయేంత దారం, అరకిలో కూడా లేని బరువులో. అంకె అబ్బురపరుస్తుంది, కానీ బట్ట కొనేవాళ్ళు అంకెను కొనరు. పంచె అంచు పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా రాస్తారు. మిల్లు బట్ట మీద వేళ్ళు అద్దం మీద జారినట్టు జారిపోతాయి. చేత్తో వడికిన పోగు ఎక్కడా అచ్చంగా ఒకే లావున ఉండదు. వెంట్రుకవాసి తేడాలు వేళ్ళకు తగులుతూ ఉంటాయి. ఆ తేడా ముతకదనంగా తేలిందా, జీవంగా తేలిందా అన్నదే వడికే మనిషి నేర్పు. లోపాన్ని లేకుండా చేయడం యంత్రానికి తేలిక. లోపం ముద్దుగా తోచేంత సన్నగా దాన్ని ఉంచడం చెయ్యి తిరిగిన మనిషికే సాధ్యం.

గంజి పెట్టిన కొత్త పంచె ఫెళఫెళలాడుతుంది. అసలు పరీక్ష నాలుగైదు ఉతుకుల తరవాత. గంజి వదిలి, పోగులు సర్దుకుని, బట్ట ఒంటికి అలవాటు పడుతుంది. వేసవిలో చెమట పీల్చుకుని గాలికి ఆరిపోతూ చల్లగా ఉంటుంది. కొన్న రోజుకంటే ఏడాది తరవాత బాగుండే వస్తువులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? ఫోను కొన్న రోజే దాని అందానికి పరాకాష్ఠ; మర్నాటి నుంచి అది గీత పడకుండా కాపాడుకోవలసిన వస్తువు. పంచె అలా కాదు, వాడకమే దాన్ని పూర్తి చేస్తుంది. ఖరీదు ఎక్కువని కొందరు వెనుదిరుగుతారు, నిజమే, అది అందరూ కొనగలిగే బట్ట కాదు. కానీ ఒక పంచె వెనక ఎన్ని చేతులు ఎన్ని రోజులు పని చేశాయో లెక్కవేస్తే, ధర ఎక్కువని అనడానికి నోరు రాదు. వడికేవాళ్ళకు అందేది ఎంత అన్న దగ్గరే బాధ.

ఇత్తడి, కంచుల సంగతికి వస్తే అందం వెనక ఉండే చాకిరీ గురించి మాట్లాడక తప్పదు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇత్తడి అంటే రాగిలో తుత్తునాగం కలిపినది. కంచు అంటే రాగిలో తగరం కలిపినది, మోగే కంచులో తగరం ఐదోవంతుకు పైగానే ఉంటుంది. అంత తగరం వల్లే దానికి ఆ మోత; కంచుకంఠం అనే మాట ఊరికే పుట్టలేదు. ఆ తగరం వల్లే పెళుసు కూడా. చల్లగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బ తగిలితే పగిలిపోతుంది, అందుకని ఎర్రగా కాల్చి, చల్లారేలోపు కొట్టి, మళ్ళీ కాల్చాలి. కంచు గిన్నెను గోటితో మీటితే మోత సన్నగా సాగి, గది మూలల దాకా వెళ్ళి ఆగుతుంది. భోజనం చేసే పళ్ళేన్ని కంచం అనడంలోనే కంచు ఉంది. ఇప్పుడు స్టీలు పళ్ళేన్ని కూడా కంచమే అంటున్నాం. లోహం పోయింది, మాట మిగిలింది.

కంచు ఎందుకు పోయింది, ఇత్తడి ఎందుకు అటకెక్కింది అంటే జవాబు వంటింటి గట్టు మీద ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇత్తడి రెండు రోజులకే నల్లబడుతుంది. చింతపండు పులుపు ఆ నలుపును కరిగిస్తుంది, తరవాత బూడిదతో, పీచుతో తోమాలి. అప్పుడు లోపలి బంగారు ఛాయ బయటపడుతుంది, గిన్నె కళకళలాడుతుంది. వేళ్ళ సందులు మాత్రం ఒరుసుకుపోతాయి. పులుసు కాచే గిన్నెలకు లోపల కళాయి పోయించాలి. కళాయివాళ్ళు వీధిలో కొలిమి పెట్టి, గిన్నెను వేడిచేసి, నవాసారం చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరపు ముక్కను అంటించి దూదితో ఒక్క చుట్టు తుడిచేవాళ్ళు. ఎర్రటి గిన్నె కడుపు క్షణంలో వెండిలా మెరిసేది. పిల్లలు చుట్టూ నిలబడి చూసే వింత అది. పెద్దవాళ్ళకు మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చే ఖర్చు.

ఆ కళను ఇన్ని తరాలు నిలబెట్టింది ఆడవాళ్ళ చేతులు. స్టీలు వచ్చినప్పుడు వాళ్ళు దాన్ని ఇష్టంగా తెచ్చుకోవడంలో అభిరుచి దిగజారడమేమీ లేదు. తోమితే చాలు మెరుస్తుంది, పులుపుకు భయపడదు, కింద పడితే పగలదు. మైలు దూరం నుంచి నీళ్ళు మోసే మనిషికి ప్లాస్టిక్ బిందె తేలికదనం కూడా ఒక అందమే. ఆ బరువు మోయనివాళ్ళు దాన్ని వెక్కిరించకూడదు. సంతలో ప్లాస్టిక్ బిందె కొనేటప్పుడు కూడా ఎర్రదా, ఆకుపచ్చదా అని పైకెత్తి చూసుకుంటారు, అంచు నునుపుగా ఉందో లేదో అరచేత్తో తడుముతారు. ఏ వస్తువు మారినా ఆ తడమడం మారలేదు. ఇత్తడి గంగాళాలు ఇప్పుడు పట్నపు ఇళ్ళ గుమ్మాల్లో పూలరేకులు తేలే అలంకరణగా తిరిగి వస్తున్నాయి. సంతోషించవలసిందే. కానీ వాటిని ఎవరు తోముతున్నారన్న ప్రశ్న ఆ గుమ్మంలోనూ ఉంది.

వాడుక నుంచి విడిపోయి చూపుకే పరిమితమైన వస్తువులు ఈ ప్రాంతంలో మరికొన్ని ఉన్నాయి. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో పనసచెక్కను ఒకే దుంగగా తొలిచి ఏకాండి వీణ చేస్తారు. ఇప్పుడు ఆ చేతులే జ్ఞాపికలుగా ఇచ్చే చిట్టి వీణలూ చేస్తున్నాయి. అవి కచేరీకి పనికిరావు. పనివాళ్ళకు తిండి పెడుతున్నాయి కాబట్టి వాటిని తక్కువ చేయడం తగదు, అయినా వాయించడానికి పనికిరాని వీణను చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2022కు ముందు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో చేరిన సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడల మీద బియ్యపు పిండితో వేసే బొమ్మలదీ ఇలాంటి ప్రయాణమే. గోడ మీద అవి దేవతలకూ పెద్దలకూ చేసే కొలుపులో భాగం. గుడ్డ మీదకు, చట్రంలోకి వచ్చాక అవి బొమ్మలు. గీత అదే, గీత గీయడానికి కారణం మారిపోయింది.

ముగ్గు దీనికి సరిగ్గా ఎదురు. తెల్లవారకముందే పుట్టి, పొద్దెక్కేసరికి అడుగుల కింద చెదిరిపోతుంది. దాచుకోవడానికి వీలే లేదు. చూపుడువేలు, బొటనవేలు మధ్య నుంచి పిండి ఎంత ధారగా జారిందో అంత గీత. వణికిన చోట వణుకు కనబడుతుంది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, నాలుగు చుక్కలు పెట్టి కలిపితే పనిదినం మొదలైనట్టు. అంటించే ముగ్గులు, పెయింటుతో వేసిన ముగ్గులు వచ్చాక ఆ పొద్దుటి పని తప్పింది. గీతలు తీరుగానే ఉంటాయి. ఇవాళ ఈ ఇంట్లో మనుషులు లేచారన్న కబురు మాత్రం అవి చెప్పలేవు.

స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నె కొన్నాక చివరగా జరిగే పని పేరు చెక్కించడం. విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, పల్లెటూరి జాతరలోనైనా ఒకటే పద్ధతి. చేతిలో ఇమిడే మిషను గుర్రుమంటూ సన్నటి చుక్కలు పొడుచుకుంటూ పోతుంది. చుక్కలు కలిసి అక్షరాలవుతాయి. ఎవరు ఇచ్చారు, ఎవరి పెళ్ళికి, ఏ తేదీన. పొరుగింటికి పులుసు పోసి పంపిన గిన్నె తప్పిపోకుండా తిరిగి రావడానికి ఆ పేరు కావాలి. గృహప్రవేశానికి వచ్చిన నలభై గిన్నెలూ ఒకేలా ఉన్నప్పుడు, ఏది మేనమామ పెట్టిందో, ఏది పక్కింటివాళ్ళు పెట్టిందో అదే చెప్పాలి. యంత్రం వేలసంఖ్యలో అచ్చుపోసిన గిన్నెల్లో ఒకటి ఆ చుక్కలతో ఒక ఇంటిది అవుతుంది. ఏళ్ళ తరబడి తోమితే చుక్కల అంచులు అరిగి నునుపుదేరతాయి. ఆ పేరు చదవాలంటే వెలుతురుకు వాలుగా పట్టుకోవాలి, చదవకపోయినా వేలికి తగులుతూ ఉంటుంది. చెక్కే మనిషి పేరు పూర్తిచేసి, తేదీ వేసి, గిన్నెను తిప్పి ఒకసారి చూసుకుంటాడు. అప్పుడు చివర కాస్త చోటు మిగిలితే నాలుగు రేకుల చిన్న పువ్వు చుక్కలతో పెడతాడు. ఆ పువ్వును ఎవరూ అడగలేదు. దానికి డబ్బు కూడా తీసుకోడు.